సినిమా రైడ్‌ల ఆయుష్షు

1995 వేసవిలో వచ్చిన 'వాటర్‌వరల్డ్' అప్పటికి హాలీవుడ్ తీసిన సినిమాలన్నిటిలోకీ ఖరీదైనది. కెవిన్ కాస్ట్‌నర్ హీరో, సముద్రం మీద వేసిన భారీ సెట్టు, విడుదలకు ముందే పత్రికలకెక్కిన ఖర్చు లెక్కలు. ఇంత హడావుడి జరిగినా అమెరికాలో సినిమా ఆశించినంత ఆడలేదు. అదే ఏడాది అక్టోబరులో లాస్ ఏంజెలిస్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో ఆ పేరుతోనే ఒక సాహస ప్రదర్శన మొదలైంది. నీటిమడుగు చుట్టూ గ్యాలరీ, తుక్కు ఇనుముతో కట్టినట్టుండే కోట, జెట్‌స్కీల మీద తరుముకునే దుండగులు, మంటల్లోంచి నీళ్ళలోకి దూకే స్టంట్ కళాకారులు, చివర్లో కోట గోడ మీదుగా దూసుకొచ్చి మడుగులో పడే విమానం. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు తడిసి ముద్దవుతారు. సినిమా వెళ్ళిపోయినా ఆ ప్రదర్శన ఆడుతూ వచ్చింది. 2001లో ఒసాకాకూ, 2010లో సింగపూరుకూ, 2021లో బీజింగ్‌కూ చేరింది. ఇప్పుడు ఆ గ్యాలరీ ఎక్కే పిల్లల్లో చాలామంది ఆ సినిమా పేరు మొదటిసారి చూసేది పార్కు బోర్డు మీదే.

సినిమా రైడ్ అంటే ఏదో ఒక సినిమా కథనో, పాత్రలనో, అందులో కనిపించే లోకాన్నో తీసుకుని థీమ్ పార్కులో కట్టిన సవారీ. చీకటి గదుల గుండా పట్టాల మీద సాగే బండి కావచ్చు, పడవ కావచ్చు, తెర ముందు ఊగే క్యాబిన్ కావచ్చు, రోలర్ కోస్టర్ కావచ్చు. వాటర్‌వరల్డ్ లాంటి ప్రదర్శనలను కూడా ఇదే కోవలో చెప్పుకోవాలి. తిరునాళ్ళలో రంగులరాట్నానికీ, నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్‌కూ కథంటూ లేదు కనుక అవి పాతబడ్డాయని ఎవరూ అనరు. సినిమా రైడ్‌కు రెండు వయసులుంటాయి: యంత్రానిది ఒకటి, సినిమాది ఒకటి. ఈ రెంటిలో ఏది ముందు ముసలిదవుతుందన్న దాన్ని బట్టి రైడ్ బతుకు మారుతుంది. గత డెబ్బయ్యేళ్ళ అనుభవం చూస్తే, జనం సినిమాను మరిచిపోవడం వల్ల మూతపడ్డ రైడ్‌లు అనుకున్నంత ఎక్కువ కావు.

తొలి రోజు నుంచే

1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచినప్పుడే అక్కడ స్నో వైట్, పీటర్ పాన్, మిస్టర్ టోడ్ రైడ్‌లున్నాయి. స్నో వైట్ సినిమా 1937 నాటిది, అంటే రైడ్ పుట్టేసరికే దానికి పద్దెనిమిదేళ్ళు. ఆ రైడ్‌లో మొదట్లో స్నో వైట్ బొమ్మే లేదు. బండిలో కూర్చున్న మనిషే స్నో వైట్ అన్నది రూపకర్తల ఊహ. మంత్రగత్తె విషపు ఆపిల్ చాచేది ఆ మనిషికే, అడవిలో చెట్లు కొమ్మలు చాచి బెదిరించేదీ ఆ మనిషినే. జనానికి అది అర్థం కాలేదు. స్నో వైట్ ఏదీ అని అడుగుతూనే ఉన్నారు. చివరికి 1983లో ఆ ప్రాంతమంతా తిరగకట్టినప్పుడు బొమ్మను పెట్టారు. 2021లో మరోసారి మార్చి, భయం పాలు తగ్గించి, సుఖాంతం చేశారు. ఒకే సినిమా, ఒకే స్థలం, మూడు తరాల మరమ్మతు.

మిస్టర్ టోడ్ కథ ఇంకా విచిత్రం. 1949లో వచ్చిన ఆ సినిమాను చూసినవాళ్ళు ఈనాడు తక్కువ. రైడ్ మాత్రం కార్ల పిచ్చి ఉన్న ఒక కప్ప వెంట గోడలు గుద్దుకుంటూ, వీధులు దాటుకుంటూ, ఎదురుగా వచ్చే రైలును ఢీకొని నేరుగా నరకంలోకి తీసుకుపోతుంది. చిన్న చిన్న దయ్యాలు గెంతే ఆ నరకం సినిమాలో లేదు, రైడ్ కట్టినవాళ్ళు కల్పించింది. ఫ్లోరిడాలో ఉన్న దీని జోడును 1998లో మూసేసి, మరుసటి ఏడాది విన్నీ ద పూ రైడ్ పెట్టారు. మూసేముందు అభిమానులు పార్కులోనే నిరసనకు దిగారు. సినిమా కోసం కాదు వాళ్ళ బాధ, తమ చిన్నప్పటి ఆ నరకం కోసం. కాలిఫోర్నియాలోది ఇప్పటికీ నడుస్తోంది.

దారి తిరగబడ్డ సందర్భాలూ ఉన్నాయి. డిస్నీలాండ్‌లోని జంగిల్ క్రూజ్ పడవ ప్రయాణానికి 1951 నాటి 'ది ఆఫ్రికన్ క్వీన్' సినిమా ఒక ప్రేరణ. ఆ సంగతి మరుగున పడింది, పడవ మిగిలింది, 2021లో ఆ పడవ పేరు మీదే కొత్త సినిమా వచ్చింది. ఏ సినిమా ఆధారమూ లేకుండా 1967లో మొదలైన 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' రైడ్ నుంచి 2003లో సినిమా పుట్టి పెద్ద హిట్టయింది. 2006లో ఆ సినిమాలోని జాక్ స్పారోను మరబొమ్మగా తెచ్చి పాత రైడ్‌లో నిలబెట్టారు. ఇప్పటి పిల్లలు సినిమాను చూసి రైడ్ కట్టారనే అనుకుంటారు.

సొరచేపను తరిమింది ఎవరు?

యూనివర్సల్ దారి వేరు. తన స్టూడియోలో షూటింగులు చూపిస్తూ ట్రామ్ బండ్ల యాత్రను 1964లో మొదలుపెట్టింది. 1975లో స్పీల్‌బర్గ్ 'జాస్' దేశాన్ని ఊపేస్తే, మరుసటి ఏడాదే ఆ ట్రామ్ దారిలోని చెరువులోంచి సొరచేప లేవడం మొదలుపెట్టింది. సినిమా వేడి చల్లారకముందే రైడ్ కట్టాలన్న ఆలోచన ఇక్కడ బాగా బలపడింది.

1990 జూన్ 7న ఆ సంస్థ ఫ్లోరిడాలోని ఓర్లాండోలో కొత్త పార్కు తెరిచింది. మొదటి రోజే జాస్, కింగ్ కాంగ్, భూకంపం రైడ్‌లు మొరాయించాయి. జాస్‌ను దాదాపు కొత్తగా కట్టి 1993లో మళ్ళీ తెరిచారు. అమిటీ అనే ఊహా పట్నంలో పడవ విహారం, మైకు పట్టుకుని కబుర్లు చెప్పే సరంగు, ఉన్నట్టుండి నీళ్ళు చీల్చుకుని లేచే చేప, ఒడ్డున పేలే ఇంధనం ట్యాంకు. ఆ సరంగు పాత్ర వేసే ఉద్యోగి గొంతు మీదే సగం రైడ్ ఆధారపడేది. 2012 జనవరి 2న దాన్ని మూసేశారు. అప్పటికి జాస్‌ను ఎవరూ మరిచిపోలేదు, ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ స్థలం హ్యారీ పాటర్‌కు కావలసి వచ్చింది. 2014 జూలైలో అక్కడే డయాగన్ ఆలీ వీధి వెలిసింది. ఒసాకాలో 2001లో పెట్టిన జాస్ పడవలు మాత్రం సాగుతూ వచ్చాయి. ఒకే సినిమా, ఒకే రైడ్: ఒకచోట పోయింది, ఒకచోట నిలిచింది. తేడా సినిమాలో లేదు, కింద ఉన్న నేలకు వచ్చిన గిరాకీలో ఉంది.

'బ్యాక్ టు ద ఫ్యూచర్' రైడ్ పోయిన తీరు వేరు, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి ట్రిక్ ఫోటోగ్రఫీ చేసినవారిలో ఒకరైన డగ్లస్ ట్రంబుల్ దీనికి నాలుగు నిమిషాల చిత్రం తీశారు. బొమ్మ ఊళ్ళూ, బొమ్మ కొండలూ చేతితో కట్టి, ఒక్కొక్క ఫ్రేమే పట్టుకుంటూ తీసిన పని అది. రెండు గుమ్మటాల్లాంటి తెరలు, ఒక్కో తెర ముందు అంతస్తులుగా అమర్చిన పన్నెండు డిలోరియన్ కార్లు, కారుకు ఎనిమిది మంది. కారు కొన్ని అడుగులే కదులుతుంది. కళ్ళ నిండా తెర ఉండటంతో మంచుయుగపు లోయలోకి పడిపోతున్నట్టు, డైనోసార్ నోట్లోకి వెళ్ళి వస్తున్నట్టు ఒళ్ళు నమ్మేస్తుంది. 1991లో ఓర్లాండోలో మొదలై, 1993లో హాలీవుడ్‌లో, 2001లో ఒసాకాలో వచ్చింది. అమెరికాలోని రెండూ 2007లో ఆగిపోయి, వాటి స్థానంలో, అవే గుమ్మటాల్లో, 'సింప్సన్స్' రైడ్ వచ్చింది. ఒసాకాలోది 2016 దాకా నడిచింది. సినిమాత్రయం మీద ప్రేక్షకుల ప్రేమ అప్పటికీ చెక్కుచెదరలేదు. తెర మీద నడిచే రైడ్‌కు ఆ తెరే ముందు పాతబడుతుంది. ఒక తరాన్ని అబ్బురపరచిన బొమ్మ, ఇంట్లో పెద్ద టీవీలూ వీడియో గేములూ చూసి పెరిగిన తరానికి మసకగా తోస్తుంది. రాతితో, నీటితో, ఎత్తుతో కట్టిన రైడ్‌కు ఆ ముప్పు తక్కువ.

అందుకు సాక్ష్యం 'జురాసిక్ పార్క్'. సినిమా 1993లో వచ్చింది. హాలీవుడ్ పార్కులో పడవ రైడ్ 1996 జూన్‌లో తెరుచుకుంది. సినిమాకు ఆరు కోట్ల ముప్ఫై లక్షల డాలర్ల దాకా అయితే, రైడ్‌కు పదకొండు కోట్ల దాకా అయిందని అప్పటి వార్తలు. చివర్లో 84 అడుగుల ఎత్తు నుంచి పడవ జారుతుంది. 2018లో దాన్ని ఆపి, 2019లో 'జురాసిక్ వరల్డ్' పేరుతో తిరిగి తెరిచారు. కాలవ అదే, జారుడూ అదే. బొమ్మలూ కథా కొత్త సినిమాలవి. 1987 నాటి 'స్టార్ టూర్స్' కూడా ఇలాగే నిలదొక్కుకుంది. విమాన చోదకులకు శిక్షణ ఇచ్చే ఊగే యంత్రాల పరిజ్ఞానంతో కట్టిన ఆ క్యాబిన్లు ఇరవై ఏళ్ళకు పైగా ఒకే చిత్రం చూపించాయి. 2011లో కథను ముక్కలుగా విడగొట్టి, ఎక్కిన ప్రతిసారీ వేరే కూర్పు వచ్చేలా చేశారు. మొదట్లోనే 54 కూర్పులు. కొత్త స్టార్ వార్స్ సినిమా వచ్చినప్పుడల్లా ఒక ముక్క చేర్చుకోవచ్చు.

స్ప్లాష్ మౌంటెన్

ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసేది స్ప్లాష్ మౌంటెన్. 1946లో డిస్నీ తీసిన 'సాంగ్ ఆఫ్ ద సౌత్' దీనికి ఆధారం. అంతర్యుద్ధం తర్వాతి జార్జియాలో ఒక తోట, అక్కడ రీమస్ అనే నల్లజాతి పెద్దాయన పిల్లలకు చెప్పే కుందేలు, నక్క, ఎలుగు కథలు. తోటల్లో నల్లవాళ్ళ బతుకును హాయిగా, సంతోషంగా చూపించారని విడుదలైనప్పుడే పౌరహక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. రీమస్‌గా నటించిన జేమ్స్ బాస్కెట్ అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు రాలేకపోయారు. ఆ నగరంలో అప్పటికి జాతుల వేర్పాటు అమల్లో ఉంది. తర్వాత 1948లో ఆయనకు ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. 1986 తర్వాత ఆ సినిమాను డిస్నీ అమెరికా థియేటర్లలో మళ్ళీ వెయ్యలేదు. అక్కడ ఇళ్ళలో చూసుకునే వీడియోగా ఎన్నడూ అమ్మలేదు.

అలాంటి సినిమా మీద 1989లో డిస్నీలాండ్‌లో రైడ్ తెరిచారు. రీమస్‌ను వదిలేసి జంతువుల కథలను మాత్రమే తీసుకున్నారు. 'అమెరికా సింగ్స్' అనే పాత ప్రదర్శన మూతపడటంతో ఖాళీగా ఉన్న మరబొమ్మలను ఇందులోకి మార్చారు. పాటలు పాడే బాతులూ కప్పలూ ఎలుగుల మధ్య పడవ మెల్లగా సాగి, ఐదంతస్తుల ఎత్తు నుంచి ముళ్ళపొదలోకి దూకినట్టు జారేది. 1992లో టోక్యోలో, ఫ్లోరిడాలో కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్ళ పాటు అమెరికన్ పిల్లలు తాము ఎన్నడూ చూడలేని సినిమా పాటలు పాడుకుంటూ ఆ కొండ దిగారు. రైడ్‌కు సినిమా అవసరం లేదనడానికి ఇంతకంటే గట్టి రుజువు దొరకదు.

అయినా మూలం వదిలిపెట్టలేదు. 2020లో జాతివివక్ష మీద అమెరికా అంతటా ఉద్యమం లేచినప్పుడు, ఆ జూన్ నెలలోనే, రైడ్‌ను మార్చబోతున్నట్టు డిస్నీ ప్రకటించింది. 2023లో అమెరికాలోని రెండూ మూతపడ్డాయి. 2024లో 'టియానాస్ బాయూ అడ్వెంచర్'గా తెరుచుకున్నాయి. డిస్నీ తొలి నల్లజాతి రాకుమారి కథ అయిన 2009 నాటి 'ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్' దీనికి ఆధారం. న్యూ ఆర్లీన్స్, మార్డీ గ్రా పండుగ, పాటగాళ్ళ కోసం వెతుకులాట. నీటి కాలవా, జారుడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పాత రైడ్‌ను ప్రేమించినవాళ్ళ దిగులు నిజమైనదే. కానీ తమ తాతలను అవమానించిన సినిమా పాటల మధ్య నుంచి పిల్లలను తీసుకెళ్ళవలసి వచ్చిన కుటుంబాల ఇబ్బంది అంతకంటే పాతది, అంతకంటే బరువైనది. ఈ మార్పు ఇంకా ముందే జరగవలసింది. టోక్యోలో మాత్రం పాత పేరూ పాత కుందేలూ మిగిలాయి.

దృశ్యాల నుంచి లోకాల వైపు

1989లో ఫ్లోరిడాలో మొదలైన 'ద గ్రేట్ మూవీ రైడ్' సినిమా చరిత్రనే ఒక రైడ్‌గా చెయ్యబోయింది. 'సింగింగ్ ఇన్ ద రెయిన్', 'కాసాబ్లాంకా', 'ఏలియన్', 'ద విజార్డ్ ఆఫ్ ఓజ్' దృశ్యాలను మరబొమ్మలతో నిలబెట్టి, వాటి మధ్యగా బండి నడిపారు. సినిమా తెలిసినవాళ్ళకు అది గుడి ప్రదక్షిణ లాంటిది. తెలియనివాళ్ళకు వరసగా నిలబెట్టిన మైనపు బొమ్మలు. 2017 ఆగస్టులో దాన్ని మూసి, అదే భవనంలో మిక్కీ మౌస్ రైడ్ కట్టారు. సినిమాను గుర్తుచేయడమే పనిగా పెట్టుకున్న రైడ్, గుర్తున్నవాళ్ళు తగ్గేకొద్దీ తానూ తగ్గిపోతుందనడానికి చెప్పుకోదగ్గ ఉదాహరణ ఇదే.

2010 జూన్‌లో ఓర్లాండోలో వచ్చిన హ్యారీ పాటర్ ప్రాంతం ఈ రంగాన్ని మలుపు తిప్పింది. హాగ్స్‌మీడ్ గ్రామాన్ని కట్టి, మంత్రదండాలు అమ్మే దుకాణం పెట్టి, బటర్‌బీర్ పోసి, సందర్శకులను ఆ ఊరి మనుషులుగా చేశారు. ఆ ప్రాంతమున్న పార్కుకు 2009లో 46 లక్షల మంది వస్తే 2011లో 76 లక్షల మంది వచ్చారని పరిశ్రమ అంచనా. సినిమాలు 2011తో ముగిసినా రద్దీ తగ్గలేదు. కథ పూర్తయిపోయినా ఊళ్ళో తిరగాలన్న కోరిక మిగిలింది.

దీన్నే మరో పెద్ద పరీక్షకు పెట్టింది పాండోరా. 'అవతార్' 2009లో వచ్చింది. ఆ లోకం డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో తెరుచుకున్నది 2017 మేలో. మధ్యలో ఒక్క సీక్వెల్ లేదు. ఆ సినిమా పాత్రల పేర్లయినా ఎవరికైనా గుర్తున్నాయా అని విమర్శకులు అడిగారు. నిజానికి ఆ పేర్ల అవసరమే రాలేదు. గాలిలో తేలే కొండలు, వాటి మీద నుంచి జారే నీళ్ళు, రాత్రి వెలిగే మొక్కలు. 'ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్' రైడ్‌లో బైకు లాంటి ఆసనం మీద కూర్చుంటే కాళ్ళ మధ్య ఆ ఎగిరే జంతువు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు పొంగుతుంది, కుంగుతుంది. ఆ ఒక్క ఊపిరి కోసం జనం గంటల కొద్దీ నిలబడ్డారు. ఆ తర్వాత, ఎప్పుడూ చర్చలో ఉండే స్టార్ వార్స్ పేరుతో డిస్నీ కట్టిన 'గెలాక్టిక్ స్టార్‌క్రూజర్' హోటల్ 2022 మార్చిలో మొదలై 2023 సెప్టెంబరులోనే ఆగిపోయింది. రెండు రాత్రులకు ఇద్దరికి దాదాపు 4,800 డాలర్లు. సినిమా ఎంత సజీవంగా ఉన్నా ఆ టిక్కెట్టు భారాన్ని మొయ్యలేకపోయింది.

జపాన్‌లోని ఐచీలో 2022 నవంబరులో తెరిచిన జీబ్లీ పార్కు మరో కొసన ఉంది. పెద్ద రైడ్‌లంటూ లేవు. చెట్ల మధ్య నడక, 1988 నాటి 'మై నైబర్ టొటోరో'లోని అక్కచెల్లెళ్ళ ఇల్లు. బీరువా తలుపులు తీసి చూడవచ్చు, సొరుగులు లాగవచ్చు.

మన వైపు

ముంబై, పుణెల మధ్య ఖోపోలీలో 2013లో తెరిచిన ఇమాజికా పార్కులో 1987 నాటి 'మిస్టర్ ఇండియా' మీద ఊగే క్యాబిన్ రైడ్ పెట్టారు. సినిమాకూ రైడ్‌కూ మధ్య పాతికేళ్ళు. అందులోని విలన్ మొగాంబో పేరు చెబితే చాలు, ముందు తల్లిదండ్రులు నవ్వుతారు, వాళ్ళను చూసి పిల్లలు నవ్వుతారు. 2016 నవంబరులో దుబాయ్‌లో వచ్చిన బాలీవుడ్ పార్క్స్ ఇంకా పెద్ద సాహసం. షోలే, లగాన్, డాన్, క్రిష్, దబంగ్ సినిమాలకు ఒక్కోదానికి ఒక్కో ఆకర్షణ కట్టారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉన్న గల్ఫ్‌లో, భారతీయ సినిమాకు దక్కిన తొలి పూర్తిస్థాయి థీమ్ పార్కు అది. 2023 ఏప్రిల్‌లో శాశ్వతంగా మూతపడింది. షోలేను జనం మరిచిపోలేదు. గబ్బర్ పేరు ఒకసారి పిలుస్తుంది గాని, ఏటా మళ్ళీ మళ్ళీ రప్పించదు.

హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో 'బాహుబలి' కోసం కళా దర్శకుడు సాబు సిరిల్ వేసిన మాహిష్మతి సెట్టును సినిమా అయిపోయాక పర్యాటకులకు వదిలారు. ఊగే కుర్చీలూ జారే పడవలూ లేని సెట్టు అది. అయినా ఆ మెట్ల మీద నిలబడి ఫోటో దిగేవాళ్ళలో 2015 తర్వాత పుట్టిన పిల్లలున్నారు. అంత పెద్ద ప్రాంగణంలో కట్టిన కోట అంత ఎత్తున కళ్ళముందు ఉంటే, దాన్ని ఏ సినిమాకు వేశారన్నది రెండో ప్రశ్నే అవుతుంది. ఎండకూ వానకూ ఓర్చుకునే సామగ్రితో, నడిచే దారిలో కాస్త కథ చెప్పే ఏర్పాటుతో దాన్ని నిలబెట్టుకుంటే తెలుగు సినిమాకు అంతకంటే మంచి స్మారకం ఉండదు.

సెలవుల్లో తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్ళే సింగపూరు పార్కులో 'మడగాస్కర్' పడవ రైడ్‌ను 2022లో తీసేసి, 2025లో మినియన్ల ప్రాంతం తెరిచారు. పిల్లల సినిమాల రైడ్‌లు త్వరగా మారతాయి, ఎందుకంటే ఆ పిల్లలు త్వరగా పెద్దవాళ్ళవుతారు. పెద్దల జ్ఞాపకంలో స్థిరపడ్డ బొమ్మలకు అలాంటి తొందర ఉండదు. 2025 మే 22న ఓర్లాండోలో యూనివర్సల్ తెరిచిన 'ఎపిక్ యూనివర్స్' పార్కులో ఒక ప్రాంతం మొత్తం ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా వంటి పాత భూతాలదే. ఆ రెండు సినిమాలూ 1931లో వచ్చాయి.

ఆ కొత్త పార్కుకు కొద్ది మైళ్ళ దూరంలోనే 1990 నాటి పాత యూనివర్సల్ పార్కు ఉంది. తొలిరోజు తెరిచిన రైడ్‌లలో అక్కడ మిగిలింది ఒక్క 'ఈటీ అడ్వెంచర్'. హాలీవుడ్‌లో దాని జోడు 2003లో, ఒసాకాలోది 2009లో పోయాయి. క్యూ దేవదారు అడవి వాసన వేసే చీకట్లోంచి సాగుతుంది. గుమ్మం దగ్గర ప్రతి ఒక్కరినీ పేరడిగి ఒక కార్డు ఇస్తారు. సైకిళ్ళలాంటి బండ్లు పట్నం దీపాల మీదుగా, చందమామ ముందుగా ఎగిరి ఈటీ సొంత గ్రహానికి వెళ్ళి తిరిగొస్తాయి. దిగబోయే ముందు ఈటీ చెయ్యి ఊపుతూ బండిలో ఉన్నవాళ్ళను పేరుపేరునా పిలిచి వీడ్కోలు చెబుతుంది. 1982లో 'ఈటీ' సినిమా చూసి ఏడ్చినవాళ్ళు ఇప్పుడు మనవలను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పిల్లల పేర్లు ఎప్పుడు వస్తాయా అని చెవులు రిక్కించి వింటున్నారు.